స్వీడన్ పిన్నిగారి పొద్దుటి కాఫీ

నిన్న మా ఫ్రీమాంట్ ఇంట్లో మనవరాలు ఫోన్ నా మూతి దగ్గర పెట్టి, "అమ్మమ్మా, కాసేపు ఏదైనా చదువు, నీ వాయిస్ సేవ్ చేస్తే ఎప్పటికీ నీలాగే మాట్లాడుతుంది" అనేసరికి ముఖం పక్కకి తిప్పేసుకున్నాను. దానికేం తెలుసు, పాపం! అలా సేవ్ చేసిన గొంతు ఒకటి ఇప్పటికీ నన్ను వదల్లేదు.

నేను హెచ్‌వన్ వీసా మీద అమెరికాకి కొత్తగా వచ్చిన రోజుల్లో, కంప్యూటర్ చేత స్వీడిష్ మాట్లాడించే పని నా నెత్తిన పడింది. ముక్క రాని భాష! రికార్డింగ్ ఇవ్వడానికి ఆ దేశపు పెద్దావిడ ఒకామె వచ్చేది. మన అలవాటు ఎక్కడికి పోతుంది, నేను చాటుగా స్వీడన్ పిన్నిగారు అనుకునేదాన్ని. వాళ్లు రెండు మూడు మాటల్ని అతికించి ఒకే మాట చేసేస్తారు, మన సమాసాల్లాగే. కాకపోతే మనం సంధి చేసి అతుకు కనపడనివ్వం, వాళ్లకేమో అతుకు వినపడాలి. వేసవి ఇంటిని 'సొమ్మర్‌స్తూగ' అంటారు. విడగొడితే 'సొమ్మర్' దగ్గర ఆగాలి గాని, మా ప్రోగ్రాం 'సొమ్మర్స్' దాకా లాక్కుపోయి, ఆపైన 'తూగ' అనేది. పిన్నిగారు పకపకా నవ్వేది. మొదటి ముక్క మీద పూర్తి బరువు, చివరి ముక్క మీద కాస్త తక్కువ, మధ్యలో ఊపిరి తెగకూడదని బల్ల మీద వేళ్లతో కొట్టి మరీ నేర్పింది.

రికార్డింగ్ అయిపోయిన కొన్నాళ్లకే ఆవిడ పోయింది. ఆవిడ భర్త ఒకరోజు ఆఫీసుకి వచ్చి, 'మోర్గొన్‌కఫె' అనే మాట ఒక్కసారి వినిపించమని అడిగాడు. పొద్దుటి కాఫీ అని అర్థం, రోజూ ఆవిడ వంటింట్లోంచి ఆయన్ని పిలిచే పిలుపట. ఆ మాట మా రికార్డింగుల్లో లేదు. 'మోర్గొన్' ఒకచోటి నుంచి, 'కఫె' మరోచోటి నుంచి తెచ్చి అతికించాను. రెండూ సమానమైన బరువుతో పడ్డాయి. ఆయన తల అడ్డంగా ఊపి, "ఇది ఆమె కాదు, ఎవరో రెండు మాటలు చదువుతున్నారు" అన్నాడు. నాకు పంతం వచ్చింది. 'కఫె' మీద బరువు తగ్గించి, మధ్య సందు మూసేసి, మళ్లీ వినిపించాను.

ఆయన వాళ్ల భాషలో "వస్తున్నా" అంటూ కుర్చీలోంచి లేచాడు. లేచి, తలుపు దాకా వెళ్లి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగి నా ముఖం చూశాడు. అమ్మో, ఆ చూపు! ఆ మాట ఇంకెప్పుడూ ఆ కంప్యూటర్ చేత అనిపించొద్దని చెప్పి, కోటు తీసుకుని వెళ్లిపోయాడు.

మన కాలంలో పోయినవాళ్ల ఫోటోకి దండ వేసి ఊరుకునేవాళ్లం. గొంతు మాత్రం మనసులో కొంచెం కొంచెంగా అరిగిపోయేది, అదీ ఒక మేలేనేమో అనిపిస్తుంది. ఇప్పటి పిల్లలు దేన్నీ అరగనివ్వరు. మనవరాలు ఫోన్ పట్టుకుని ఇంకా నా వంకే చూస్తోంది, పక్క గదిలో వాళ్ల తాతయ్య ఏదో చదువుకుంటున్నారు, నేను "ఏవండీ, కాఫీ" అని కేకేసే వేళయింది.

"వద్దు తల్లీ," అన్నాను. "నేను లేనప్పుడు అది పిలిస్తే, మీ తాతయ్య లేచి వస్తారు."