ఫ్రిజ్‌లో మూడో డబ్బా

మా అక్కకు కిడ్నీ మార్చిన నెలలోనే ఆమె ఫ్రిజ్ తలుపు మీద ఒక జాబితా అంటించాను. మొత్తం పదిహేడు అంశాలు. పచ్చి మొలకలు వద్దు, సరిగా ఉడకని గుడ్డు వద్దు, పెళ్ళిళ్ళలో బఫే వద్దు, డాక్టర్ని అడగకుండా ఏ ఆయుర్వేద మాత్రా వద్దు. ఆరోది గ్రేప్‌ఫ్రూట్, పంపరపనసలాంటి పుల్లటి పండు. దాని కింద రెండు గీతలు గీశాను. శరీరం కొత్త కిడ్నీని తిప్పికొట్టకుండా ఆపే మాత్ర ఒకటుంది. ఈ పండు తింటే ఆ మందు రక్తంలో ఉండాల్సినదానికంటే ఎక్కువగా పేరుకుంటుంది. ఆ కారణం కూడా పక్కనే చిన్న అక్షరాల్లో రాశాను.

నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏది ఎక్కడ చెడిపోతుందో ముందే ఊహించి రాసిపెట్టడమే నా పని. అక్క ఈ పరాయి దేశంలో, బాతెల్ అనే ఊళ్ళో ఒంటరిగా ఉంటుంది, నేను పావుగంట దూరంలో. నా కిడ్నీ ఇస్తానన్నాను. నా బీపీ చూసి కుదరదన్నారు. నాలుగేళ్ళ డయాలిసిస్ తర్వాత, మాకు తెలియని ఎవరో చనిపోతే, వాళ్ళింట్లో వాళ్ళు ఒప్పుకుంటే, అక్కకు వచ్చింది.

అలా వచ్చిన కిడ్నీ వెంటనే పని మొదలుపెట్టకపోవచ్చని ముందే హెచ్చరించారు. తొమ్మిది రోజులు మొదలుపెట్టలేదు. కుట్లు మానకముందే మళ్ళీ డయాలిసిస్ చేశారు. పదో రోజు మంచం పక్కన వేలాడే సంచిలో పసుపు రంగు కనిపించినప్పుడు నేను గంట గంటకీ మిల్లీలీటర్లు రాసుకున్నాను. రెండు నెలలకు క్రియాటినిన్ 1.2కి దిగింది. కిడ్నీ వడకట్టాల్సిన మలినం అది, ఎంత తక్కువుంటే అంత మంచిది. ఆ రోజు అక్క కారులో కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

దానమిచ్చిన కుటుంబానికి ఆసుపత్రి ద్వారా, పేర్లు లేకుండా ఉత్తరం రాయొచ్చు. అక్క తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో టైప్ చేశాను. చివర్లో, మీరిచ్చినదాన్ని జాగ్రత్తగా చూసుకుంటాను అన్న వాక్యం నేనే చేర్చాను. అక్క చదివి, పంపించెయ్ అంది.

ఆరో నెలలో రక్తంలో ఆ మందు స్థాయి ఉన్నట్టుండి పెరిగింది. దాంతో అక్క చేతులు వణకసాగాయి. ఆసుపత్రి నుంచి కోఆర్డినేటర్ నర్సు ఫోన్ చేసి, వేళకు వేసుకుంటున్నారా, కొత్త మందులేమైనా ఉన్నాయా, గ్రేప్‌ఫ్రూట్ తిన్నారా అని ఒక్కొక్కటే అడిగింది. ఫోన్ స్పీకర్లో ఉంది. అక్క నావైపు చూసి లేదంది. నేను నమ్మాను. తప్పు ల్యాబ్‌దే అనుకుని మర్నాడు అక్కడికి వెళ్ళి, మాత్ర వేసుకోకముందే తీయాల్సిన రక్తం ఎన్ని గంటలకు తీశారో చూపించమని ఆ టెక్నీషియన్‌తో వాదించాను. ఆయన ఓపిగ్గా చూపించాడు. టైము సరిగ్గానే ఉంది. నా స్ప్రెడ్‌షీట్‌లో ఆ గడిలో ప్రశ్నార్థకం పెట్టాను.

మాత్ర డోసు తగ్గించారు. ఆ తర్వాత అక్క నాకు చెప్పకుండా ఒక రక్తపరీక్ష వాయిదా వేసింది. తర్వాతి పరీక్షలో మందు అడుగంటింది, క్రియాటినిన్ 2.4 అయింది. బయాప్సీ చేసి, శరీరం కిడ్నీని తిప్పికొడుతోందని చెప్పి, మూడు రోజులు స్టెరాయిడ్ ఎక్కించడానికి చేర్చుకున్నారు.

బట్టలు తేవడానికి ఆమె అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాను. పాడయ్యేవి పారేద్దామని ఫ్రిజ్ తెరిచాను. పై అరలో మూడు పెద్ద పెరుగు డబ్బాలు. మనవాళ్ళ ఇళ్ళలో పెరుగు డబ్బాలో పెరుగే ఉండాలని లేదు కదా. మొదటిదాంట్లో పెరుగు. రెండోదాంట్లో పులిసిపోయిన ఇడ్లీ పిండి. మూడోది దాదాపు ఖాళీ. అడుగున ఎర్రటి నూనె, నాలుగు తొక్క ముక్కలు. మూత తీయగానే వాసనకే తెలిసింది. ఇక్కడ దబ్బకాయలు దొరక్క ఒక ఆంటీ గ్రేప్‌ఫ్రూట్‌తో ఊరగాయ పెట్టి అందరికీ పంచుతుంది. అక్కను డయాలిసిస్‌కి వారానికోసారి కారులో తీసుకెళ్ళిన ఆంటీయే.

ఫోన్ చేశాను. ఆవిడ దాచలేదు.

"ఓవెన్‌లో ఎండబెట్టి ఉప్పులో ఊరేశాక ఇంకా పండెక్కడుంది బాబూ? పిల్ల నోరు చచ్చిపోయిందంటే ఇచ్చాను. నీకు మాత్రం చెప్పొద్దంది, నువ్వు కంగారు పడతావని."

అప్పుడు లెక్క కుదిరింది. ఊరగాయ తిన్నన్నాళ్ళూ మందు పెరిగింది. పెరిగిందని డోసు తగ్గించారు. ఊరగాయ అయిపోయింది, తగ్గించిన డోసు మాత్రం మిగిలింది.

డబ్బా కడగకుండా సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. బల్ల మీద పెట్టాను. అక్క దాన్ని చూసింది, నన్ను చూడలేదు. ముందు నర్సుకి చెప్పమన్నాను. చెప్పింది. నర్సు కోప్పడకుండా రాసుకుని వెళ్ళింది.

"నన్ను అడిగుంటే బదులు ఇంకేదైనా వెతికేవాణ్ణి కదా అక్కా."

"అడిగితే నువ్వు పద్దెనిమిదోది రాసేవాడివి."

"ఫోన్లో నర్సు పండు పేరు పెట్టి అడిగింది. నా ముఖం చూస్తూ అబద్ధం చెప్పావు."

చేతికున్న సూది మీది టేపుని సర్దుకుంది.

"ఆవిడొక్కతే ఉంటే చెప్పేసేదాన్నిరా. నువ్వు పక్కనున్నావు."

అబద్ధమాడింది ఆమె. ఆ ల్యాబ్‌లో పిచ్చివాడిలా నిలబడింది నేను. అయినా ఆ మాటతో తప్పు మళ్ళీ నా గడిలోకే వచ్చి పడింది.

ఇప్పుడు క్రియాటినిన్ 1.8. పాత అంకె ఇక రాదన్నారు. పనిచేస్తుంది, ఎన్నేళ్ళని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చిన రోజే అక్క జాబితా పీకేసి, మాత్రల వేళలు తన చేతిరాతతో రాసి అంటించుకుంది. దానమిచ్చిన కుటుంబానికి ఈసారి ఉత్తరం తానే రాసుకుంటానంది. అందులో నా వాక్యం ఉంచిందో లేదో నేను అడగలేదు.

శనివారాలు వెళ్తూనే ఉన్నాను. వెళ్ళగానే ఫ్రిజ్ తెరిచి డబ్బాలు ఒక్కొక్కటే మూత తీస్తాను. అక్క సోఫాలో కూర్చుని చూస్తూ ఉంటుంది. పోయినవారం ఒక్కటే డబ్బా ఉంది. అందులో పెరుగే ఉంది. చెంచాతో అడుగుదాకా కలిపి చూశాను.