ఆ ఆదివారం నా సాక్ష్యం

ఇంటర్ చదివే మా అమ్మాయి డిప్రెషన్‌కు మందులు వాడుతోంది. నిద్ర కూడా పట్టడం లేదంటే, రోజూ ఎప్పుడు నిద్ర పట్టిందో నోట్‌బుక్‌లో తననే రాసుకోమన్నారు డాక్టరు గారు. రాత్రిళ్లు నేను తన గదిలోకి తొంగి చూసినప్పుడల్లా కళ్లు మూసుకునే ఉండేది. ఆ సంతోషంలో నర్సీపట్నంలోని మా చర్చిలో లేచి, "దేవుడి దయవల్ల మా పాపకి నిద్రొస్తంది" అని సాక్ష్యం చెప్పాను. పక్కనే కూర్చున్న తనూ అందరితో పాటు "ఆమెన్" అంది.

మర్నాడు డాక్టరు గారు ఆ నోట్‌బుక్ తెరిచారు. దాదాపు ప్రతి పేజీలోనూ "తెల్లారేదాకా మెలకువే" అని ఉంది.

"మరి కళ్లు మూసుకునే ఉండేదానివి కదే?" అన్నాను.

"నువ్వు బేగి పడుకుంటావని మూసుకునేదాన్నమ్మా."

వైద్యం మార్చారు. ఇప్పుడు చర్చిలో సాక్ష్యాలు చెప్పమన్నప్పుడు నేను లేవడం లేదు. నా బిడ్డ అన్న ఆ ఆమెన్ ఇంకా నా చెవిలోనే ఉంది.