ఇద్దరుంటేనే ఎక్కే నారి

విల్లు మామ పోయాడని ప్రొద్దుటూరు నుంచి వచ్చిన బట్టల వ్యాపారి తొండూరులో బస్సు దిగుతూ చెప్పాడు. తెల్లవారి నమాజు చేసుకొని, టీ తెమ్మని అడిగి, గోడకు ఆనుకొని కూర్చున్నవాడు అట్లాగే పోయాడట. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాంతోపాటు గుండెలో బరువు కొంత దిగిందని కూడా చెప్పాలి. కిందటి చలికాలమంతా ఊపిరి అందక ఆయన పడిన అవస్థ నేను చూశాను. బతుకంతా కట్టె పొట్టు పీల్చిన రొమ్ము అది. పడుకున్నా ఆయాసమే, లేచినా ఆయాసమే. అంత బాధపడిన మనిషి ఇంత తేలిగ్గా వెళ్ళిపోయాడంటే దేవుడు చల్లగా చూశాడనుకున్నాను.

బావి దగ్గర ఎద్దులతో నీళ్ళు తోడుతూ కపిలి తోలుతున్న మా అన్నకు వెళ్ళి చెప్పాను. ఎద్దుల్ని ఆపి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత, మనిద్దరమూ పోవాలన్నాడు.

ఆయన మాకు చుట్టం కాదు. ప్రొద్దుటూరులో ఒక ఇరుకు సందులో ఉండే ముస్లిం ఇంటి మనిషి. మా నాయన ఆయన్ని బావా అని పిలిచేవాడు కాబట్టి మాకు మామ అయ్యాడు. ఇంటి వెనక వసారాలో తాతల నాటి నుంచి విల్లులు చేసేవాళ్ళు. నాటకాల వాళ్ళు రాముడికీ అర్జునుడికీ పట్టుకుపోయేవారు. కొండ పక్క పొలాల రైతులు శనక్కాయ చేలమీద పడే అడవిపందుల కోసం చేయించుకునేవారు. నాటకం విల్లు కదా అని ఆయన పనిలో తేడా చూపేవాడు కాదు. రంగు పూసిన విల్లు కూడా లాగితే బాణం పోవాల్సిందే.

నల్లమల నుంచి తెప్పించిన జాన చెట్టు కట్టెను లోపలి ఈనె పోగులు తెగకుండా నిలువునా చీల్చి, పొయ్యి మీద అటక కింద పొగకు వేలాడదీసేవాడు. అది బాగా ఆరాక బాడిశతో చెక్కి, గాజుపెంకుతో గీకి, నూనె రాసి సెగ చూపిస్తూ వంచేవాడు. గీకేటప్పుడు కళ్ళు మూసుకునేవాడు. ఎత్తుపల్లాలు కంటికంటే అరచేతికే బాగా తెలుస్తాయట. ఎంత మాట్లాడుతున్నా ఆ చేయి ఆగేది కాదు. ఆగిందంటే మాత్రం ఎదుటివాడి మాట ఆయనకు నచ్చలేదని అర్థం.

"వంగేది పెద్ద పని కాదప్పా, వంగినాక మళ్ళా నెట్టగా, తిన్నగా రావాల" అనేవాడు. కట్టె గురించే అనేవాడు. వినేవాళ్ళకు ఇంకేదైనా తోస్తే అది వాళ్ళ ఇష్టం.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో మా నాయన చనిపోయాడు. ఆ ఏడు వాన లేదు. ఉన్న ఒక్క బావిలో నీళ్ళు అడుగంటాయి. కపిలి ఎవరు ముందు కట్టాలనే దగ్గర మా అన్నకూ నాకూ మాట పెరిగింది. ఇల్లు ఒకటే అయినా పొయ్యిలు రెండయ్యాయి. ఎదురుపడితే తల తిప్పుకునేవాళ్ళం. రాత్రి కాపలాకు పోతే నేనొక గట్టున, వాడొక గట్టున. మా అమ్మ ఇద్దరి మధ్యా నలిగిపోయింది.

అంతకు ముందే అన్న పందుల కోసం మామకు విల్లు చేసిమ్మని చెప్పాడు. ఎన్నిసార్లు పోయినా మామ ఇవ్వలేదని, కట్టె ఆరలేదని ఒకసారి, నారి కుదరలేదని ఒకసారి తిప్పి పంపాడని ఊళ్ళో అనుకుంటే విన్నాను. ఎండాకాలం చివర్లో మామే ఒకనాడు బస్సెక్కి మా ఊరు వచ్చి, అన్న దగ్గరికి కాకుండా నా దగ్గరికి వచ్చాడు.

"మీ అన్న విల్లు అయింది. శానా బిరుసుగా వచ్చింది. నారి ఎక్కీయాలంటే ఇద్దరు కావాల. శుక్రవారం నువ్వు రా" అన్నాడు.

ప్రొద్దుటూరులో మనుషులే లేరా మామా అని అడిగాను. శుక్రవారమని మళ్ళీ చెప్పి ఆయన బస్సుకోసం లేచాడు. మా నాయన స్నేహితుడి మాట కాదనలేక వెళ్ళాను.

వసారాలో అన్న అప్పటికే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోతే మామ భుజం మీద చెయ్యి వేశాడు. అన్న మోకాలు ఆనించి విల్లును వంచి పట్టుకోవాలి. నేను ముందు కూర్చొని నారి ముడిని విల్లు కొనన ఉన్న గాడిలో పెట్టాలి. వంచినవాడి పట్టు జారితే ఆ కొన తన్నేది పెట్టేవాడి మొహానికే. అది మా ఇద్దరికీ తెలుసు. అన్న మెడనరాలు ఉబ్బాయి. నా వేళ్ళలోంచి ముడి జారింది. మళ్ళీ జారింది. నేను తల వెనక్కి తీసుకోబోయాను.

"పెట్టు సిన్నోడా. భయపడాకు, నేను పట్టుకోనుండా" అన్నాడు అన్న.

ఎన్నో నెలల తర్వాత వాడు నాతో ఆడిన మొదటి మాట అది. ముడి గాడిలో కూర్చుంది. ముగ్గురం చెమటలు తుడుచుకున్నాం. అత్త, అంటే మామ భార్య, టీ తెచ్చింది. తిరుగు బస్సులో ఒకే సీటులో వచ్చాం. మాటలు కొంచెమే. ఆ వారమే బావి దగ్గర వంతులు కుదిరాయి. తర్వాత పొయ్యి కూడా ఒకటయింది.

ఇప్పుడు మామకు మట్టి వెయ్యడానికి పోతూ జమ్మలమడుగు దాటాక బస్సులో అన్న నాకు కొత్త సంగతి చెప్పాడు. చెప్పిన విల్లు తెచ్చుకోవడానికి మొదటిసారి పోయిన రోజు, పందులు ఎక్కువైనాయా అని మామ అడిగితే వాడన్నాడట: "పందులకేంది మామా, ఇంట్లో ఉండేవాడే ఎక్కువైనాడు." గీకుతున్న చెయ్యి అక్కడ ఆగిందట.

"ఆ పొద్దు విల్లు ఇచ్చింటే ఏం చేసేవాడినో నాకే తెల్దురా" అన్నాడు. నేను వాడి మోకాలి మీద చెయ్యి వేశాను.

ఖననం అయ్యాక అత్తను పలకరించడానికి ఇంటికి వెళ్ళాం. ఏడ్చి ఏడ్చి అలసిన మనిషి మమ్మల్ని పక్కపక్కన చూసి కాసేపు తేరుకుంది.

"మీకు ఇచ్చింది మొదటి విల్లు కాదు నాయనా" అంది అన్నతో. "మొదటిది నువ్వు తొలిసారి వచ్చిన పొద్దుకే అయిపోయినాది. నువ్వు అట్ల పోతానే దాన్ని నరికి పొయ్యిలో పెట్టినాడు. ఏంది ఇదంటే, అన్నం ఉడకనీ అన్న్యాడు. మర్నాడు లావు కట్టె తీసుకోని కూచున్యాడు."

అన్న బయటికి వచ్చి సందు మొగలో గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. గట్టిగా ఊపిరి వదిలాడు. నేనూ వదిలాను. జరగకుండా పోయినదానికి కూడా మనిషి అంత అలసిపోతాడని నాకు అప్పుడే తెలిసింది.

పొద్దు వాలే వేళకు పులివెందుల బస్సు దొరికింది. ముద్దనూరు రాకముందే అన్న నిద్రపోయాడు. తల నా భుజం మీదికి ఒరిగింది. గోరీలో మట్టి వేసిన చెయ్యి నా ఒళ్ళో వెల్లకిలా పడి ఉంది, గోళ్ళ సందుల్లో ఇంకా ఎర్రమట్టి తడి. కిటికీలోంచి కోసిన జొన్న చేలు వెనక్కి పోతున్నాయి. కదిలితే లేస్తాడని, తొండూరు వచ్చేదాకా నేను కదలలేదు.