చెరి సగం కాలవ

మా ఇంటి చూరుకీ, మా బావగారి, అంటే మా ఆయన అన్నగారి, ఇంటి చూరుకీ మధ్య ఒక రేకు కాలవ ఉండేది. రాజాం దగ్గర పల్లె మాది. రెండు పెంకుటిళ్ల వాననీళ్లూ ఆ కాలవలోకే దిగి వీధిలోకి కారేవి. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు పెద్దమనుషులు పొలం, పశువులు, ఆఖరికి రుబ్బురోలు కూడా తేల్చారు గానీ, కాలవ దగ్గరకొచ్చేసరికి అలిసిపోయినట్టున్నారు. చెరి సగం అని రాసి లేచిపోయారు. అది పొడవునా సగమని మా బావగారి తీర్పు. అంటే గుండ్రటి అడుగున్న ఆ కాలవలో ఎడమ పక్క మాది, కుడి పక్క ఆయనది. నేను బి.ఎ. చదివాను. ఈ లెక్క నాకు ఇప్పటికీ తలకెక్కలేదు.

వెనక వీధి చింతచెట్టుకి మా పంపకాలతో పని లేదు. ఏడాది పొడుగునా రెండు పక్కలా ఆకు రాల్చేది. కాలవ పూడితే నీళ్లు పొర్లి మా వంటింటి గోడ మీదికే దిగేవి. అది మట్టిగోడ. కిందటేడు వానలకే పొట్ట ఉబ్బి, ఒక పెద్ద పెళ్ల ఊడి పొయ్యి పక్కన పడింది. ఇంకో వానాకాలం అలాగే నానితే కూలుతుంది. కూలితే నా మీదే కూలుతుంది, ఎందుకంటే వంటింట్లో ఉండేది నేను. ఇంత చిన్న సంగతి ఇద్దరు మగవాళ్లకి ఎక్కించలేక చచ్చాను.

అరవయ్యో దశకం చివర్లో ఒక ఏడు, మృగశిర కార్తె ముందు, మా ఆయన నిచ్చెన వేశారు. మొదట ఈనెల చీపురు పట్టుకెళ్లారు. కుళ్లిన చింతాకు చీపురుకి కదులుతుందా? పేడ అలికినట్టు అలికి వచ్చారు. తర్వాత పార తీసుకెళ్లారు. దాని అంచు తిన్నగా ఉంటుంది, కాలవ అడుగు వంపుగా ఉంటుంది. పార గీకుతుంటే నా పళ్లు పులిశాయి. రేకు అతుకు లేచింది, ఆకు మాత్రం లేవలేదు. ఎలాగో మా పక్కది గీకి దిగిపోబోయారు.

"ఆ పక్కదెవులు తీస్తారండీ?" అన్నాను కిందనుంచి.

"అది అన్నయ్యది. మనం సెయ్యెడితే రేపు ఆక్రమించామంటాడు."

"ఆక్రమించడానికి అదేటి, మూడు పంటల భూమా? కుళ్లిన సింతాకు!"

ఆయన దిగొచ్చి పార కడిగేసుకున్నారు. ఆ రాత్రి చిన్న జల్లు పడితే కుడి పక్క ఆకంతా నిక్షేపంగా ఎడమ పక్కకి జారింది. మూడు రోజుల తర్వాత బావగారు తాటిమట్ట పట్టుకుని ఎక్కి, ఆయన పక్కది మాత్రం గీకారు. ఆ చెత్త కూడా మా పక్కకే వచ్చింది. గోడ మీద తడి మరక అప్పటికే బెత్తెడు కిందికి దిగింది.

ఇక నేనే ఎక్కుదామనుకున్నాను. పనిముట్టు కోసం ఇల్లంతా వెతికితే వంటింట్లోనే దొరికింది, కొబ్బరిచిప్ప గరిటె. దాని అడుగు వంపు, కాలవ వంపు అచ్చంగా ఒకటే. రేకుని గీకదు. కాడని వెదురుగెడకి పురికొసతో బిగించి కట్టాను. మర్నాడు పొద్దున్నే చీర గోచీ బిగించి నిచ్చెన ఎక్కాను.

బావగారు వాళ్ల అరుగు మీద కూర్చుని ఉన్నారు. మా ఇళ్లలో బావగారు తమ్ముడి భార్యని చూడకూడదు, పలకరించకూడదు. నేను కనబడగానే తువ్వాలు దులుపుకుని లోపలికి పోయారు. పద్దెనిమిదేళ్లు నన్ను తలుపు చాటున నిలబెట్టిన ఆచారం మొదటిసారి నాకు పనికొచ్చింది. నేను పైనున్నంతసేపూ ఆయన బయటికి రాలేరు!

లోపల్నుంచి కేక మాత్రం వచ్చింది. "ఒరే తమ్ముడూ! మా పక్కకి సెయ్యెట్టొద్దని సెప్పరా!"

మా ఆయన నిచ్చెన పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డారు. "దిగిపో, నా మాటిను."

"నిచ్చెన గట్టిగా పట్టుకోండి. మీ అన్నయ్యకి మాటలొచ్చు గదా, ఆ మాటలతోనే తోడుకోమనండి."

తోడికోడలు గుమ్మంలోంచి తల పెట్టి చూసింది. "ఒసే సెల్లీ, మా పక్కది కూడా తీసేస్తన్నావేటే?"

"గరిటికి నీ పక్కా నా పక్కా తెలీదక్కా."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మధ్యాహ్నానికి మూడు తట్టల నల్లటి బురద దిగింది. నడుం పట్టేసింది. సాయంత్రం పడ్డ వానకి నీళ్లు కాలవ నిండా పారి వీధిలోకి దూకాయి. గోడ మీద చుక్క పడలేదు.

బావగారు పెద్దమనుషుల దగ్గరికి వెళ్తారనే అనుకున్నాను. వెళ్లలేదు. మరుసటేడు ఎండలు తగ్గుతుండగా అరుగు మీంచి కేకేశారు. "ఒరే, వానలొస్తన్నాయి. కాలవ తీయమని సెప్పు. నిరుడు తనే తీసింది గదా!"

ఆయన సగం ఆయనదే. అందులో ఆకు మాత్రం నాదయింది. వంటింట్లో గోడ వైపు చూశాను. మరక ఎండిపోయి తెల్లగా ఉంది. గరిటె కాడకి కొత్త పురికొస చుట్టాను.