ముకుతాడు లేని జీపు

జీపు ఎత్తు పెంచితే నా ఎత్తు కూడా పెరుగుతుందనుకున్న తెలివి నాది. నల్లమల దారుల్లో తిరగడానికి నా పాత జీపు స్ప్రింగు కమాన్లు లేపించి, లారీకి సరిపోయేంత టైర్లు వేయించాను. స్టీరింగ్ మాత్రం పాతదే ఉంచాను. మలుపు వస్తే జీపు కంటే ముందు నా నడుం తిరిగేది.

ఒకరోజు అచ్చంపేటకు వస్తుంటే, అడవి దారిలో చెట్ల జిగురు మూటతో ఒక అవ్వ చెయ్యెత్తింది. పక్కన కూర్చోబెట్టుకున్నాను. దిగుడులో ఎడమ మలుపు వచ్చింది. ఎంత గుంజినా స్టీరింగ్ తిరగలేదు. బ్రేకు తొక్కితే కంకర మీద జారుతూ జీపు లోయవైపే పోతోంది.

అవ్వ మూట వదిలేసి, రెండు చేతులతో స్టీరింగ్ పట్టి తన వైపు గుంజింది. సన్నటి ఆ చేతుల మీద నరాలు తాళ్లలా లేచాయి. జీపు మూలుగుతూ కొండవైపు తిరిగింది. నేను నోరు తెరిచి చూస్తూనే ఉన్నాను. ఆమె మూటను మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

"ఎద్దును గింత పెంచినవు, ముకుతాడు మరిచినవా బిడ్డా?"

హైదరాబాదులో పాత కార్లు విప్పే చోట వెతికి పవర్ స్టీరింగ్ తెచ్చి వేయించాను. ఇప్పుడు ఒక్క వేలితో తిరిగేది. కొన్ని నెలలకు అదే దారిలో అదే అవ్వ కనిపించింది. ఎక్కించుకుని, జీపు కదలకముందే, ఇంజను ఆపకుండా, "జర తిప్పు అవ్వా, నాతోని అయితలేదు" అన్నాను.

ఆమె మూటను పక్కన పెట్టి, కొంగు బిగించి, ఊపిరి పట్టి, ఉన్న బలమంతా పెట్టి గుంజింది. స్టీరింగ్ గిర్రున తిరిగింది. అవ్వ వెళ్లి తన మూట మీదే పడింది.

"ముకుతాడేసిన అవ్వా," అన్నాను.