స్టీరింగుకి కట్టిన ఎర్రగుడ్డ

సీమోను షెడ్డులో బండి పని పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి ఎవరూ అతన్ని అడగనక్కర్లేదు. స్టీరింగు చూస్తే చాలు. దానికి జానెడు ఎర్రగుడ్డ కట్టి ఉంటే ఇంకా ఏదో మిగిలి ఉన్నట్టు. గుడ్డ విప్పి భుజాన వేసుకున్నాడంటే బండి తీసుకెళ్లొచ్చు. తెనాలిలో రేపల్లె రోడ్డు మొదట్లో రేకుల షెడ్డు వేసుకున్న నాటినుంచి, అంటే పద్దెనిమిదేళ్లుగా, ఇదే పద్ధతి. అతని భార్య దీవెన జాకెట్లు కుడుతుంది. ఆ గుడ్డలు ఆమె కత్తెర కింద మిగిలినవే.

ఈ పద్ధతి అతను బాపట్లలో నేర్చుకున్నాడు. సొంతూరు కొలకలూరు వదిలి అక్కడ కోటేశ్వరరావు దగ్గర పనికి కుదిరిన మూడో ఏడు, షెడ్డు నుంచి వెళ్లిన ఒక జీపుకి ముందు చక్రం ఊడింది. అది దొర్లుకుంటూ పోయి సైకిలు మీద వెళ్తున్న మనిషి మోకాలు విరగ్గొట్టింది. ఆ చక్రం నట్లు బిగించాల్సిన మేస్త్రీ మధ్యలో టీకి వెళ్లాడు. తిరిగొచ్చాక బిగించేశాననే అనుకున్నాడు. అతన్ని టీకి పిలిచింది సీమోను. ఈ సంగతి అతను దీవెనకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

కోటేశ్వరరావు ఎవర్నీ తిట్టలేదు. మర్నాడు ఒక పాత ఎర్రచీర తెచ్చి పీలికలు చింపి తలా ఒకటి ఇచ్చాడు. "మీ బుర్రల్ని నమ్మకండ్రా. దీన్ని నమ్మండి" అన్నాడు.

సీమోను అప్పట్నుంచి గుడ్డనే నమ్మాడు. బుర్రలో ఉన్నదంతా బండ్ల వాళ్లకి ఊరికే పంచిపెట్టేవాడు. రేడియేటర్లో బోరు నీళ్లు పొయ్యకండి, సముద్రం పక్క ఊళ్లు, ఉప్పు లోపలంతా తినేస్తుంది అనేవాడు. ఇంజను వేడి మీద ఉండగా మూత తియ్యకండి అనేవాడు. కింద ఎక్కడో చప్పుడు వస్తుంటే పాటలు గట్టిగా పెట్టుకోకండి, బండి ఆపండి అనేవాడు. వినేవాళ్లు తక్కువ. "నా పెళ్లాం కూడా ఇన్ని జాగ్రత్తలు చెప్పదయ్యా" అని బియ్యం వ్యాపారి హనుమంతరావు తాళాలు లాక్కుని పోయేవాడు.

చెప్పింది చెప్పినట్టు రాసుకున్నది ఫ్లోరెన్స్ ఒక్కతే. ఆమె టీచరు. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుని, పాత తెల్లకారు ఒకటి కొనుక్కుంది. మొదటిసారి షెడ్డుకి వచ్చినప్పుడే బ్యాగులోంచి నోటుపుస్తకం తీసి, "మెల్లగా చెప్పండి అన్నయ్యా, ఒకటో పాయింటు" అంది. సీమోను సిగ్గుపడుతూ పదకొండు పాయింట్లు చెప్పాడు. ఆమె నలభై దాటించి నడపదు. చక్రాల గాలి ప్రతి ఆదివారం చూపిస్తుంది. అలాంటి మనిషి బండి విషయంలోనే అతను తప్పు చేశాడు.

డిసెంబరు రెండో శనివారం పొద్దున ముందు చక్రాలకి బ్రేక్ ప్యాడ్లు మార్చాడు. కుడివైపు పూర్తయింది. ఎడమవైపు చక్రం ఎక్కించి, జాకీ మీద ఉండగానే నాలుగు నట్లూ చేతి బిగువుగా పెట్టాడు. గాల్లో ఉన్న చక్రాన్ని గట్టిగా బిగించడానికి వీలుపడదు, తిరిగిపోతుంది. జాకీ దించి, బరువు నేల మీద పడ్డాక, ఎదురెదురు నట్లు ఒకదాని తర్వాత ఒకటి పానాతో, కాలితో తొక్కి బిగించాలి. అతను జాకీ దించాడు. పానా అందుకున్నాడు.

అప్పుడు ఆటో దిగింది ఏసమ్మ. ఫ్లోరెన్స్ అత్తగారు. చర్చి స్త్రీల సమాజంలో పెద్ద. రేపల్లెలో ఆమె చెల్లెలి కొత్తింటి ప్రార్థనకి పదకొండింటికల్లా చేరాలి. ఫ్లోరెన్స్ వెనక డిక్కీ తెరిచి అరిసెల డబ్బాలు సర్దుతోంది. ఏసమ్మ ముందువైపు వచ్చి, బానెట్ మీద చెయ్యి పెట్టబోయి, అద్దంలోంచి లోపలికి చూసి ఆగిపోయింది.

"అబ్బాయ్ సీమోనూ, అదేంటి?"

"ఏదండీ?"

"స్టీరింగుకి కట్టావు చూడు. దిష్టిగుడ్డా? మీ అమ్మ ఎంత విశ్వాసి! ఆవిడ కడుపున పుట్టి నువ్వు ఎర్రగుడ్డలూ నిమ్మకాయలూ మొదలెట్టావేంటి?"

"అయ్యో, దిష్టికి కాదు పెద్దమ్మా. పని గుర్తుకి..."

"ఏ గుర్తయినా ఒకటే. క్రిస్మస్‌కి ఒకసారి వెనక బల్ల మీద కనబడి మాయమైపోతావు. ఇంక నీకు తెలిసేదేముందిలే. ప్రార్థన చేసే బండిలో అది ఉండకూడదు. తియ్యి ముందు."

వెనక బల్ల మాట సీమోనుకి గుచ్చుకుంది. నిజమే కాబట్టి ఎదురు చెప్పలేకపోయాడు. తలుపు తీసి గుడ్డ విప్పి భుజాన వేసుకున్నాడు. ప్రార్థనలో ఇనుము పట్టుకుని నిలబడటం బాగుండదని పానాని స్టూలు మీద పెట్టాడు. చేతులు కట్టుకున్నాడు. ఫ్లోరెన్స్ డిక్కీ మూసి వచ్చి చెంగు తల మీదికి లాక్కుంది.

ఏసమ్మ ప్రార్థన పొడుగైనది. కోడలి కోసం, ఊళ్లో లేని కొడుకు జాన్సన్ కోసం, చెల్లెలి కొత్తింటి కోసం, కోతలు కాని చేల మీద వాన పడకుండా ఉండటం కోసం అడిగింది. ఈ వాహనమును, దీని నాలుగు చక్రములను నీ రెక్కల చాటున దాచుము తండ్రీ అంది. దీనికి పనిచేసిన నీ బిడ్డ సీమోనును మరల నీ మందిరమునకు నడిపించుము అని కూడా అంది. సీమోను తల ఇంకొంచెం దించుకున్నాడు.

ఆమేన్ అనగానే అందరూ ఒక్కసారి కదిలారు. ఫ్లోరెన్స్ లోపల కూర్చుని స్టీరింగు వైపు చూసింది. గుడ్డ లేదు. తాళం తిప్పింది. సీమోను రోడ్డు మీదికి వచ్చి, ఒక లారీని ఆపి, బండి తిప్పుకోవడానికి దారి చూపించాడు. భుజం మీద గుడ్డ ఉంది. పని అయిపోయింది.

ఇరవై నిమిషాల తర్వాత ఇంకో బండి చక్రం విప్పడానికి గోడ వైపు చెయ్యి చాచాడు. బిగింపు అయ్యాక పానాని అక్కడ మేకుకి తగిలిస్తాడు. మేకు ఖాళీగా ఉంది. పానా స్టూలు మీద ఉంది.

అతను దాని వంక చూస్తూ నిలబడ్డాడు. కుడికాలు ఎత్తి దించాడు. పానా మీద తొక్కినట్టు ఆ కాలికి గుర్తు లేదు. కుడి చక్రానికి తొక్కాడు, అది గుర్తుంది. ఎడమ చక్రానికి లేదు. మళ్లీ మొదట్నుంచి తలుచుకున్నాడు. జాకీ దించాడు, పానా తీసుకున్నాడు, ఆటో ఆగింది. అక్కడితో తెగిపోయింది.

ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మూడోసారి మోగుతుండగా అతనికి నోటుపుస్తకం గుర్తొచ్చింది. ఏడో పాయింటో, ఎనిమిదో పాయింటో. బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తకండి, ఎంత మోగినా సరే. అతను చెప్పిందే. ఆమె ఎత్తదు.

డబ్బాలోంచి గుప్పెడు నట్లు జేబులో పోసుకున్నాడు. పానా నడుముకి దోపుకుని బైకు తీశాడు. దీవెనకి ఫోన్ చేసి, "ఫ్లోరెన్స్ టీచరుకి చేస్తానే ఉండు. ఎత్తితే బండి ఆపెయ్యమని చెప్పు, అంతే" అన్నాడు.

"ఏవైందండీ?"

"చక్రం బిగించలేదే."

ఆమె వెంటనే ఫోన్ పెట్టేసింది. బాపట్ల జీపు సంగతి ఆమెకి తెలుసు.

రోడ్డు సగం ధాన్యం. ఎడమవైపు పొడుగునా వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. ఎదురుగా బస్సు వస్తే ఆ రాళ్ల పక్కకి దిగి మళ్లీ ఎక్కాలి. దిగినప్పుడల్లా ఒక కుదుపు. సీమోను ప్రతి కుదుపునీ ఆ ఎడమ చక్రం మీద లెక్కేసుకున్నాడు. చేతి బిగువు నట్టు పది కిలోమీటర్లు ఆగొచ్చు. పదిహేను ఆగొచ్చు. ఆమె నలభై మీద వెళ్తుంది, అతను అరవై మీద వెళ్తున్నాడు. ఎలా వేసుకున్నా రేపల్లె దాకా ఆమెని అందుకోలేడు. ఇంకా గట్టిగా తిప్పాడు. పక్కనే కాలవ, రోడ్డుకి కాలవకి మధ్య గట్టు కూడా సరిగ్గా లేదు.

వేమూరు దాటాక కాలవ ఒడ్డున జనం గుంపుగా కనిపించారు. పదిహేను మంది దాకా, అందరూ నీళ్ల వైపు వంగి చూస్తున్నారు. సీమోను బైకు ఆపాడు. బైకు స్టాండు వెయ్యడం కూడా మర్చిపోయి దాన్ని అలాగే పట్టుకుని, "ఏంటండీ? ఏం పడింది?" అని అరిచాడు.

ఒకతను వెనక్కి తిరిగి, "గేదె. ఎక్కనంటోంది, స్నానం సరిపోలేదంట" అన్నాడు. అందరూ నవ్వారు.

సీమోను నవ్వలేకపోయాడు. ముందుకి పోతే రైలు గేటు వేసి ఉంది. గేటు పక్క టీ బంకు మనిషిని, తెల్లకారు వెళ్లిందా, ఆడమనిషి నడుపుతూ, నెమ్మదిగా, అని అడిగాడు.

"నెమ్మదిగానా? మా బావమరిది సైకిలు మీద దాన్ని దాటేసి పోయాడండీ!"

"ఎంతసేపైంది?"

"పావుగంట లేదు. ఇదే గేటు దగ్గర ఆగారు. పెద్దావిడ నన్ను చర్చికి రమ్మంది కూడా."

"చక్రం ఊగుతుందా? ఎడమది?"

"చక్రాలెవడు చూస్తాడండీ," అన్నాడతను. సీమోను మొహం చూసి నవ్వు ఆపేశాడు. "కూర్చోండి బాబాయ్, మంచినీళ్లు తాగండి."

రైలు రావడానికి ఎంత పట్టిందో అతనికి తెలియలేదు. దీవెన రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తట్లేదండీ అంది. గేటు లేవగానే ట్రాక్టరు పక్కనుంచి దూరి బయటపడ్డాడు. కిందటిసారి ప్రార్థన ఎప్పుడు చేశాడో గుర్తులేదు. ఇప్పుడు చేద్దామన్నా మాటలు కుదరలేదు. ఆగు, ఆగు అని మాత్రం అనుకుంటున్నాడు. చక్రంతో అంటున్నాడో, ఫ్లోరెన్స్‌తో అంటున్నాడో, ఇంకెవరితోనో తెలియలేదు.

భట్టిప్రోలు ఇంకా రాకముందే కారు కనిపించింది. రోడ్డు పక్కన, వడ్ల కుప్ప వెనకాల, కాస్త ఎడమకి ఒరిగి. నాలుగు చక్రాల మీదా ఉంది. ఫ్లోరెన్స్ ఎడమ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. ఏసమ్మ వడ్ల బస్తా మీద కూర్చుని ఉంది.

"అన్నయ్యా! ఇప్పుడే మీకు చేద్దామని ఫోన్ తీశాను. నడిపేటప్పుడు సైలెంట్లో పెడతాను కదా. ఇదేంటి, ఇన్ని కాల్స్!" అంది ఫ్లోరెన్స్. "చప్పుడు వచ్చిందండీ, టకటకమని. అత్తయ్య ఏం కాదు, టైమవుతోంది పద అన్నారు. ఇంకో రెండు కిలోమీటర్లు వచ్చాను. స్టీరింగు వణికింది. మీరు చెప్పింది గుర్తొచ్చి ఆపేశా."

సీమోను మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. ఒక నట్టు లేదు. ఇంకొకటి చివరి మరల మీద వేలాడుతోంది. మిగతా రెండూ వేలితో తిరిగాయి. ఇంకో కుదుపు చాలు. చక్రం కదలకుండా అరచెయ్యి ఆనించి పట్టుకున్నాడు.

"ఎవరో గిట్టనివాళ్లు వదులు చేసుంటారు," అంది ఏసమ్మ. "దేవుడు నిన్ను సమయానికి పంపాడబ్బాయ్. అయినా నీకెలా తెలిసింది?"

అవునండి అంటే అయిపోయేది. ఆమె అంతకన్నా అడిగేది కాదు.

"ఎవరూ చెయ్యలేదు పెద్దమ్మా. నేనే బిగించలేదు. మర్చిపోయాను."

ఫ్లోరెన్స్ అతని భుజం వైపు చూసింది. "గుడ్డ లేదు కదా అన్నయ్యా. అందుకే తాళం తిప్పాను. గుడ్డ ఉంటే నేను కదలను, మీకు తెలుసుగా."

"తీసింది నేనేనమ్మా," అన్నాడు సీమోను.

ఏసమ్మ ఆ మాట వింది. బస్తా మీదనుంచి లేచి, చెంగు సర్దుకుని, మళ్లీ కూర్చుంది.

అతను తలుపు తీసి, పని మొదలుపెట్టకముందే గుడ్డని స్టీరింగుకి కట్టాడు. డిక్కీలోంచి జాకీ తీసి వేసి చక్రం విప్పాడు. బోల్టుల మరలు, నట్లు పట్టే రంధ్రాలు ఒక్కొక్కటీ జేబురుమాలుతో తుడిచి చూశాడు. దెబ్బతినలేదు. చక్రం ఎక్కించి, జేబులోంచి కొత్త నట్టు తీసి పెట్టాడు. జాకీ దించాడు. ఎదురెదురుగా బిగించాడు. ఒకటి, దానికి ఎదురుది, మళ్లీ పక్కది. పానా మీద కాలేసి తొక్కినప్పుడల్లా కారు చిన్నగా మూలిగింది. తర్వాత మిగతా మూడు చక్రాల దగ్గరికీ వెళ్లాడు. అవి గట్టిగానే ఉన్నాయి. అయినా తొక్కి చూశాడు.

ఏసమ్మ కారెక్కి ముందుసీట్లో కూర్చుంది. ఆమె కళ్లకి ఎదురుగా, స్టీరింగు మీద గుడ్డ గాలికి కదులుతోంది. పదకొండు దాటింది. చెల్లెలి ఇంట్లో కీర్తన ఎత్తుకుని ఉంటారు.

"అబ్బాయ్," అంది మెల్లగా. "ఇంక తియ్యొచ్చా?"

"ఉండండి పెద్దమ్మా."

అతను మళ్లీ ఎడమ చక్రం దగ్గరికి వెళ్లి ఇంకోసారి నాలుగూ చూశాడు. పానాని నడుముకి దోపుకున్నాడు. అప్పుడు వచ్చి గుడ్డ విప్పాడు.

"రేపల్లెలో మళ్లీ ఒకసారి బిగించాలమ్మా," అన్నాడు ఫ్లోరెన్స్‌తో. "చక్రం విప్పి పెట్టాక కొంత దూరం పోతే..."

"తెలుసన్నయ్యా. తొమ్మిదో పాయింటు."

కారు కదిలింది. సీమోను బైకు తీసి దాని వెనకే వెళ్లాడు, ఎడమవైపుకి జరిగి, ముందు చక్రం కనబడేలా. ఆమె ముప్పై దాటించడం లేదు. వెనకనుంచి సైకిలు మీద వచ్చిన ఒకతను ఇద్దర్నీ దాటుతూ వింతగా చూసి పోయాడు. సీమోను అతన్ని గమనించలేదు. రేపల్లె వచ్చేదాకా అతని కళ్లు ఆ చక్రం మీదే ఉన్నాయి.