అవ్వ మోకాలు, నల్లబంతి

ఆ రోజుల్లో మా జనగామలో ఖాళీగా ఉండడం కూడా తెలంగాణ ఉద్యమంలో ఒక భాగమే అనిపించేది. బడులు బంద్, బస్సులు బంద్, ఆఫీసులకు తాళాలు. డిప్లొమా చేసి ఉద్యోగం దొరక్క ఇంట్లో కూర్చున్న నాలాంటి వాడికి అది పెద్ద ఊరట. ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే "సమ్మె" అనేవాణ్ణి. ఉద్యోగమే లేనివాడికి సమ్మె ఎక్కడిదని తిరిగి అడిగే ఓపిక ఎవరికీ ఉండేది కాదు (మా అవ్వకు తప్ప, ఆమె రోజూ అడిగేది). పొద్దున దీక్షా శిబిరంలో కూర్చుని నినాదాలిచ్చి, మధ్యాహ్నం సగం దించిన షట్టరు కింద నుంచి వంగి సుద్దన్న పూల్ దుకాణంలోకి దూరేవాళ్లం (పూల్ అంటే బల్ల మీది బంతులను కర్రతో కొట్టి, అంచుల్లోని పాకెట్లలో వేసే ఆట).

సుద్దన్న అసలు పేరు మాలో చాలామందికి తెలియదు. క్యూ కర్ర కొసకు రాసే నీలం సుద్ద ఎప్పుడూ ఆయన చెవికో ముక్కుకో అంటుకుని ఉండేది, అందుకని సుద్దన్న. ఆ దుకాణంలో ఉన్నది ఒక్కటే బల్ల. ఆ బల్లే ఆయనకు ప్రాణం. కానీ షట్టరు గది మాత్రం ఆయన మేనమామది. కొడకండ్లలో పొలాలున్న మనిషి. అల్లుడు జూదం ఆడిస్తున్నాడని ఎవరో ఆయన చెవిన వేశారు. "ఆదివారం వస్త, నా కండ్లతోని చూస్త. జూదమైతె బల్ల బయటేసి పత్తి బస్తాలు ఏసుకుంట" అని కబురు పంపాడు. ఆ కబురు విన్నప్పటినుంచి సుద్దన్న అన్నం సరిగా తినలేదు. బల్లను తుడిచిందే తుడుస్తూ ఉండేవాడు. 

మామకు మంచి ఆట చూపించాలని మానుకోట జట్టును పిలిచాం (కాగితాల మీద మహబూబాబాద్ అని ఉన్నా మాకు మానుకోటే). పందెం పైసలది కాదు. ఓడిన ఊరు గెలిచిన ఊరికి రోడ్డు మీద వంటావార్పులో వండి వడ్డించాలి. అంతా బాగానే ఉంది గానీ, బంతులను గుంపుగా పేర్చే చెక్క ట్రయాంగిల్ లేదు. వారం కిందటి ఊరేగింపులో ఎవరో దానికి జెండా కట్టి ఎత్తుకుపోయారు. జెండా వెనక్కి వచ్చింది, ట్రయాంగిల్ రాలేదు. హైదరాబాద్ నుంచి తెప్పిద్దామంటే బస్సులు లేవు. అప్పుడు నాలోని ఇంజనీరు నిద్ర లేచాడు. పల్చటి షీటుకు రంధ్రాలు చేసి, వాటిలో బంతులు కూర్చోబెట్టి, ఆ షీటును బల్ల మీదే వదిలేసి ఆడతారని ఎక్కడో చూశాను. షీటు కోసం ఇల్లంతా వెతికితే కనిపించింది మా అవ్వ మోకాలి ఎక్స్‌రే. గ్రహణాలప్పుడు మా వాడంతా సూర్యుణ్ణి చూసేది దానిలోంచే.

"తీసుకపో బిడ్డా. దవాఖానోళ్లు దాన్ని చూసి చేసిందేం లేదు. నీకన్న అక్కరకొస్తది" అంది అవ్వ. తర్వాత కాసేపు ఆలోచించి, "బొక్కలు కోసినంక గ్రహణం ఎట్ల చూస్తమ్ర?" అని అడిగింది. నేను విననట్టు నటించాను.

ఆదివారం మామ వచ్చాడు. తెల్ల ధోతి, చంకలో గొడుగు, ముఖంలో నవ్వన్నది లేదు. గోడ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. సుద్దన్న ఇచ్చిన చాయ ముట్టలేదు. మానుకోట వాళ్లు మోటారు సైకిళ్ల మీద దిగారు. వాళ్లలో గట్టి ఆటగాడు భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసే మనిషి. గనులు కూడా సమ్మెలో ఉన్నాయి కాబట్టి మానుకోటలో అక్క ఇంటికి వచ్చి ఉన్నాడు. ఎవరికి ఏమవుతాడో తెలియకుండానే అందరం బావ అనేవాళ్లం. బావ నేను రంధ్రాలు కోసిన ఎక్స్‌రే ఫిలిమును వేలితో తడిమి, "తమ్మీ, దీని మీంచి పోతె బంతి దారి తప్పదా?" అన్నాడు. నేను డిప్లొమా చదువంతా గొంతులోకి తెచ్చుకుని, "వెంట్రుకంత మందం లేదు బావా. అంత బరువు బంతికి ఇదొక లెక్కనా? జరంత గూడ తేడా రాదు" అని మామకు వినపడేట్టు చెప్పాను. మామ తలెత్తి ఒకసారి చూశాడు. ఆ చూపుకే నాకు ఉద్యోగం వచ్చినంత సంబరమైంది.

ఆట జోరుగా సాగింది. బ్రేక్, అంటే గుంపును చెదరగొట్టే మొదటి దెబ్బ, కొట్టాక బంతులన్నీ పక్కకు పోతే ఫిలిం తీసేయాలని మా నియమం. కానీ ఆ రోజు దాని మీద ఎప్పుడూ ఏదో ఒక బంతి కూర్చునే ఉంది. తమ బంతులన్నీ అయ్యాక నల్లబంతిని వేసినవాళ్లదే గెలుపు. చివరికి మాకు మిగిలింది ఆ నల్లబంతి ఒక్కటే, కొట్టాల్సింది నేను. బావ బంతి ఒకటి సరిగ్గా అవ్వ మోకాలి చిప్ప మీద కదలకుండా ఉంది. సుద్దన్న కళ్లు మూసుకున్నాడు. నేను మెల్లగా, చాలా నాజూగ్గా కొట్టాను. నల్లబంతి పాకెట్ వైపు తిన్నగా బయల్దేరి, ఫిలిం మూలకు ఎక్కి దిగి, ఎవరో పిలిచినట్టు కాస్త పక్కకు తిరిగి, పాకెట్ అంచున ఆగిపోయింది. బావ తన బంతినీ, ఆ నల్లబంతినీ మర్యాదగా లోపలికి పంపి ఆట ముగించాడు.

"ఫిలిం వల్లనే!" అన్నాను నేను.

"పొద్దుగాల తేడా రాదంటివి గద తమ్మీ" అన్నాడు బావ.

అక్కడ మొదలైంది. మూల లేచిందని నేను, చేయి వణికిందని వాళ్లు. మోకాళ్ల మీద కూర్చుని, బల్ల అంచుకు గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి చూడడం. ఫిలిం పెట్టి దొర్లిస్తే తిన్నగా పోయింది. మళ్లీ దొర్లిస్తే తప్పింది. ఫిలిం తీసేసి దొర్లించినా ఒకసారి తప్పింది. ఏ మాటా తేలలేదు. ఇంతలో నా పక్కన ఎవరో ఆయాసపడుతూ వంగినట్టయి చూస్తే, గొడుగు పక్కన పెట్టి మామ. "జరగు, నేను దొర్లిస్త" అన్నాడు. చీకటి పడేదాకా దొర్లిస్తూనే ఉన్నాడు. పోతూ పోతూ, చల్లారిన చాయ తాగి, అల్లుడితో చెప్పాడు: "జూదమాడేటోడు ఓడితె తన్నుకుంటడు, లేకుంటె లేచిపోతడు. వీళ్లు ఎందుకు ఓడినమని వంగి చూస్తుండ్రు. బస్తాలు ఇంకోకాడ ఏసుకుంటలే." సుద్దన్న బల్ల తుడిచే గుడ్డ అందుకున్నాడు. ముఖం తుడుచుకుంటే నీలం సుద్ద కళ్ల దాకా పాకింది.

మాట ప్రకారం రోడ్డు మీద మానుకోట వాళ్లకు మేమే వండి పెట్టాం. పప్పు అడుగంటింది. మా అవ్వ కూడా వచ్చి భోజనాల వరుసలో కూర్చుని, మాడిన పప్పు నోట్లో పెట్టుకుని, "నా మోకాలు ఇంట్ల నొచ్చుడు సాలదని బల్ల మీద గూడ సతాయించిందా" అంది. నవ్వి నవ్వి బావకు పొలమారింది.

రాష్ట్రం వచ్చింది. నాకూ ఏదో ఉద్యోగం వచ్చింది. అవ్వ లేదు. సుద్దన్న దుకాణం కూడా లేదు (అందరికీ చేతుల్లోకి ఫోన్లొచ్చాక బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు). మొన్న మా హైదరాబాద్ ఆఫీసులో కొత్తగా పూల్ బల్ల పెట్టారు. దానితో పాటు బంతులు పేర్చడానికి, కంపెనీలో తయారైన నున్నటి రంధ్రాల షీటు. కొత్తగా చేరిన కుర్రాడొకడు దాన్ని తడిమి, "అన్నా, దీని మీంచి పోతె బంతి దారి తప్పుతదా?" అని అడిగాడు.

"గెలిస్తే తప్పదు తమ్మీ, ఓడితే తప్పుతది" అన్నాను. అందరూ నవ్వారు. అక్కడితో ఆగి ఉండాల్సింది. కానీ మనసు ఊరుకోలేదు. నల్లబంతిని మెల్లగా దొర్లించి, బల్ల అంచుకు గడ్డం ఆనించి చూద్దామని వంగాను. నా మోకాలు పటుక్కుమంది. ఆ నొప్పి ఎక్కడుందో నాకు బాగా తెలుసు. అవ్వ ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, చిన్నప్పటినుంచీ చూసిన చోటే.